టీవీ కొనబోయి తెలుసుకున్న మనిషి

(బి.ఎస్సీ. భౌతికశాస్త్రం, చివరి సంవత్సరం, అరసవల్లి)

హైదరాబాదులో చుట్టాలున్న మన జిల్లావాళ్ళకు ఏ.ఎస్. రావు నగర్ అన్న పేరు వినని పేరేమీ కాదు. కూలిపనికి వెళ్ళినవాళ్ళో, కొలువుకు వెళ్ళినవాళ్ళో, కోచింగుకు వెళ్ళినవాళ్ళో ఎవరో ఒకరు ఆ చుట్టుపక్కల వుంటూనే వుంటారు. బస్సు మీద ఆ పేరు చదువుతారు, ఎక్కుతారు, దిగుతారు. ఆ రావుగారు ఎవరని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. పాత మంత్రిగారెవరో అనుకునేవాళ్ళు కొందరు, ప్లాట్లు వేసి అమ్మిన ఆసామి అనుకునేవాళ్ళు కొందరు. మన సంఘం కార్యదర్శి ఈ సంచికకు ఏదైనా రాసి యిమ్మని అడిగినప్పుడు నేను ఆయన జీవితం రాస్తానన్నాను. రావుగారి దగ్గరకు నన్ను తీసుకువెళ్ళింది ఒక టీవీ. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. పుట్టింది 1914 సెప్టెంబరు 20న, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో. అల్లూరి సీతారామరాజుగారి కుటుంబం వారి ఊరిగా చాలామందికి తెలిసిన గ్రామం అదే. చుట్టూ వరిచేలు, కాలవలు. అటువంటి ఊరినుంచి ఆ కాలంలో సైన్సు చదువుకు కాశీ దాకా వెళ్ళడం మాటలు కాదు. సాంబశివరావుగారు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశారు. 1946లో టాటా వారి స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్నారు. భౌతికశాస్త్రం చదివినవాడు ఇంజనీరింగులోకి దూకడం ఏమిటని మన తరగతిలో కొందరు అడగవచ్చు. ఆ దూకుడే ఆయన జీవితమంతా నడిపింది.

తిరిగి వచ్చాక బొంబాయిలో హోమీ భాభాగారి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అది 1945లో పెట్టిన సంస్థ. అక్కడ కాస్మిక్ కిరణాల పరిశోధన జరిగేది. ఆకాశం నుంచి వచ్చే కణాలను లెక్కపెట్టాలంటే లెక్కపెట్టే పరికరం కావాలి. పరికరం కావాలంటే పైదేశానికి ఉత్తరం రాయాలి, విదేశీ మారకం పుట్టించాలి, ఓడ కోసం కాచుకుని కూర్చోవాలి. అది చెడితే మళ్ళీ మొదటికి వస్తుంది. రావుగారి తరం వాళ్ళు ఆ దారి వదిలి, పరికరాలు తామే కట్టుకోవడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో ట్రాక్టరు సామాను పట్నంలో దొరకకపోతే మా మేస్త్రీ పాత ఇనుముతో గుంటకు సరిపడా ముక్క సాగదీసి బిగిస్తాడు. పోలిక మరీ చిన్నదే గాని నాకు అదే గుర్తొస్తుంది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు నడిచింది. సోవియట్ దేశాన్ని పక్కన పెడితే ఆసియా ఖండంలో అదే మొదటిది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని అదుపులో వుంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థను మాత్రం రావుగారి బృందం ఇక్కడే తయారుచేసింది. రియాక్టరులో న్యూట్రాన్ల సంఖ్య క్షణక్షణం కొలుస్తూ వుండాలి. అది హద్దు దాటబోతే నియంత్రణ కడ్డీలు వెంటనే దిగిపోవాలి. కొలిచే పరికరం ఒక్కసారి నిద్రపోయినా కుదరదు. ఆ పని యువకులైన మనవాళ్ళ చేతులమీదుగా అయిందంటే అదేమీ చిన్న సంగతి కాదు. 1960లో ఆయనకు పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. బిరుదుల సంగతి ఇంతటితో సరి.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. సరిహద్దులో మన సైన్యానికి వైర్‌లెస్ సెట్లకూ ఇతర సామగ్రికీ ఎంత కొరత వుందో అప్పుడు దేశానికి తెలిసివచ్చింది. మరుసటి ఏడు, 1963లో ప్రభుత్వం భాభాగారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. విక్రమ్ సారాభాయి, మన తెలుగువారైన సూరి భగవంతం, ఏ.ఎస్. రావుగార్లు అందులో సభ్యులు. రేడియో మొదలు రాడారు దాకా ఏవి దేశంలో తయారుచేసుకోవాలో, ఏ వరసలో చేసుకోవాలో ఆ కమిటీ లెక్క కట్టింది. 1966 జనవరి 24న భాభాగారు విమాన ప్రమాదంలో పోయారు. కమిటీ నివేదిక మిగిలింది. దాన్ని కాగితం మీద నుంచి నేలమీదకు దించవలసిన భారంలో పెద్దపాలు రావుగారి భుజాన పడింది.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ పుట్టింది. మనమంతా ఈసీఐఎల్ అంటాం. దాన్ని నడిపించడానికి రావుగారు ట్రాంబే ప్రయోగశాల వదిలి వచ్చారు. శాస్త్రవేత్త ఫ్యాక్టరీ నడపడమంటే, నాగలి పట్టినవాడు ధాన్యం మిల్లు లెక్కలు చూడడం వంటిది. ప్రయోగశాలలో ఒక్క పరికరం పనిచేస్తే చాలు, పేపరు రాసుకోవచ్చు. ఫ్యాక్టరీలో వెయ్యి చేస్తే వెయ్యీ పనిచెయ్యాలి, అమ్ముడుపోవాలి, జీతాలు రావాలి. అణు రియాక్టర్ల నియంత్రణ పరికరాలు ఆ సంస్థకు మూలం. అక్కడినుంచి 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు వచ్చింది. ఉపగ్రహాలతో మాట్లాడే భూకేంద్రాల యాంటెనాలు వచ్చాయి. జనం నోట పడ్డది మాత్రం వేరే సరుకు. అదే ఈసీ టీవీ.

ఇక్కడ కొంచెం ఫిజిక్సు చెప్పక తప్పదు. లెక్చరర్లు క్షమించాలి, వారికి తెలిసినదే. పాత టీవీలో ఒక గాజు గొట్టం, దాని వెనక ఒక ఎలక్ట్రాన్ తుపాకి. ఆ ఎలక్ట్రాన్ల పుంజం తెరమీద ఎడమనుంచి కుడికి ఒక గీత గీస్తుంది, చటుక్కున వెనక్కి వచ్చి దాని కింద ఇంకొక గీత గీస్తుంది. మన దేశం తీసుకున్న పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు. ఈ గీతల ఊహ అమెరికాలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అనే రైతుబిడ్డకు బంగాళదుంపల చేలో చాళ్ళు చూసినప్పుడు తట్టిందని చెబుతారు. అప్పటికి వాడికి పదిహేనేళ్ళు కూడా నిండలేదట. 1927లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో మొట్టమొదటి బొమ్మ పంపాడు. ఆ బొమ్మ ఒక్క గీత! చాలు వెంట చాలు దున్నుకుంటూ పోయే ఎద్దుల్ని మా తాతముత్తాతలూ చూశారు, మాకెవరికీ టీవీ తట్టలేదు. అది వేరే మాట.

తొలినాటి టీవీలు వాల్వులతో నడిచేవి. వాల్వు అంటే చిన్న బల్బులాంటిది, లోపల తీగ ఎర్రగా కాలుతుంది. వేడి ఎక్కువ, కరెంటు ఖర్చు ఎక్కువ, కొన్నాళ్ళకు మాడిపోతుంది. పట్నంలో అయితే మెకానిక్కు వస్తాడు. పల్లెకు ఎవడొస్తాడు? వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు పెట్టిన సాలిడ్ స్టేట్ టీవీని దేశంలో మొదట తయారుచేసింది ఈసీఐఎల్. ఈ మార్పు చూడడానికి చిన్నదిగా వున్నా, టీవీ ఊరి పొలిమేర దాటి లోపలికి రాగలిగిందంటే దీనివల్లనే అని నా అభిప్రాయం.

అసలు పరీక్ష 1975లో వచ్చింది. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మన దేశానికి ఎరువు తీసుకుని పల్లెలకు పాఠాలు చూపించే పథకం అది. పేరు సైట్. దాన్ని కలగన్న సారాభాయిగారు 1971 డిసెంబరులోనే కన్నుమూశారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళలో అది నడిచింది. పొద్దుట బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు, మొత్తం రోజుకు నాలుగు గంటలు. మన అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్ళకు ఆ భాగ్యం దక్కింది. శ్రీకాకుళానికి దక్కలేదు. మనకు దక్కని వాటి జాబితా పొడుగు, అందులో ఇదొకటి.

ఆ ఊళ్ళలో పెట్టిన సెట్లు తయారుచేసింది ఈసీఐఎల్. ఇంటిమీద మూడు మీటర్ల గొడుగు, దానికి కోళ్ళ గూడుకు వాడే ఇనుప వల. కింద బడిలోనో పంచాయతీ ఇంట్లోనో టీవీ. ఎండ, దుమ్ము, ఎప్పుడు ఎంత వస్తుందో తెలియని వోల్టేజి. కరెంటే లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీల మీద నడిపారు. ఒక్క సెట్టు ముందు వంద మంది కూర్చునేవారు. సెట్టు ఆగిపోతే ఒక ఇల్లు కాదు, ఊరు ఊరంతా చీకటిలో పడ్డట్టే. కాబట్టి తయారుచేసేవాడికి అందం తరవాత, గట్టితనం ముందు. ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు, చెడితే ఎవరు బాగుచేస్తారు — ఈ మూడూ తేల్చుకోకుండా చేసిన టీవీ అక్కడ నెల తిరక్కుండానే మూలపడేది.

ఇప్పుడు మా టీవీ సంగతి. నిరుటి పంట అమ్మగా కొంత మిగిలింది. తమ్ముడికి పెద్ద తెరమీద గేములు ఆడాలని, అమ్మకు ఫోనులో చూసే సీరియళ్ళూ సినిమాలూ కళ్ళు నొప్పి లేకుండా చూడాలని. నాన్నకు మాత్రం ఆ డబ్బుతో బోరు మోటారు మార్పించాలని వుంది. చివరికి మోటారుకు సగం, టీవీకి సగం అని తెగింది. ఫిజిక్సు చదివావు గనుక నువ్వే చూడమని ఆ భారం నామీద వేశారు. పట్నంలో ఒక షాపుకు వెళితే అక్కడి కుర్రాడు నాకు అంగుళాలు, రంగులు, కిస్తీలు తప్ప మరో మాట చెప్పలేదు. బటన్ నొక్కాక ఎంత ఆలస్యంగా తెరమీద కదులుతుందని అడిగితే నావంక వింతగా చూశాడు. ఇంటికి వచ్చి టీవీల గురించి చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుండగా సైట్, సైట్ వెనక ఈసీఐఎల్, దాని వెనక ఏ.ఎస్. రావుగారు కనిపించారు. అంతే, నా లెక్కంతా తిరగబడింది. ఎన్ని అంగుళాలు అన్న ప్రశ్న వెనక్కిపోయి ఆ పాత మూడు ప్రశ్నలు ముందుకొచ్చాయి.

ఎక్కడ పెడతారు? మా వీధిగదిలో గోడకూ కూర్చునే చోటుకూ మధ్య తొమ్మిది అడుగులు. 55 అంగుళాల తెర వెడల్పు దగ్గరదగ్గర 121 సెంటీమీటర్లు. 43 అంగుళాల దానికంటే దాని వైశాల్యం నూటికి అరవైనాలుగు వంతులు ఎక్కువ. నిష్పత్తి వర్గం చేస్తే వచ్చే లెక్క, మీరూ చేసి చూసుకోండి. ఫోర్‌కే అంటే అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. 55 అంగుళాల తెరమీద ఒక్కొక్క చుక్క మిల్లీమీటరులో మూడోవంతు కూడా వుండదు. మన కంటికి ఒక్క ఆర్క్ నిమిషం కంటే చిన్న కోణం విడిగా తెలియదని ఆప్టిక్స్‌లో చదివాం కదా. ఆ లెక్కన తొమ్మిది అడుగుల దూరం నుంచి 0.8 మిల్లీమీటరు కంటే చిన్న చుక్క కంటికి అందదు. ఫోర్‌కే చుక్కలు విడివిడిగా కనిపించాలంటే మూడున్నర అడుగుల దగ్గరకు జరగాలి! కాబట్టి మా గదిలో ఎయిట్‌కే అని ఎగబడేవాడి డబ్బు గోదాట్లో పోసినట్టే.

ఎవరు చూస్తారు? తమ్ముడికి ఆట. ఆటకు కావలసింది వేగం. సెకనుకు 60 బొమ్మలు వేసే తెరలో ఒక బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు, 120 వేసేదానిలో 8.3. దీనికి తోడు టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ చేసే ఆలస్యం ఒకటుంది. మోటారు స్విచ్చి వేసిన తరవాత నీళ్ళు చివరి మడికి చేరడానికి పట్టే సమయం లాంటిది అది. గేమ్ మోడ్ వుంటే ఆ మెరుగులు ఆపి, నీళ్ళను తిన్నగా వదులుతుంది. తమ్ముడి దగ్గరున్న పాత గేము పెట్టె సెకనుకు అరవై బొమ్మలు దాటదు. మరి 120 కోసం అదనంగా ఎందుకు కట్టాలి? గేమ్ మోడ్ బాగున్న అరవై చాలు. ఇక రథసప్తమికి మా ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంది. గది పక్కల కూర్చున్నవాళ్ళకు కూడా రంగు వెలియకుండా కనిపించాలంటే ఐపీఎస్ జాతి ప్యానెల్ మేలు. చీకట్లో సినిమా చూసేవాళ్ళకు నలుపు నల్లగా రావాలంటే వీఏ జాతి మేలు. రెండూ చవకలో ఒకేచోట దొరకవు. మేము చుట్టాల పక్షం తీసుకున్నాం. సినిమాలకు ఫోర్‌కేలో సెకనుకు 25 మెగాబిట్ల నెట్ వుంటే నిశ్చింత. మా ఫైబరు సాయంత్రాలు దాంట్లో సగం యిస్తే గొప్ప. కనుక అక్కడ కూడా తెర కంటే తీగే ముందు ఆగిపోతుంది.

చెడితే ఎవరు బాగుచేస్తారు? అసలు గొడవ ఇక్కడుంది. పాత సెట్టులో ఒక ట్రాన్సిస్టరో కెపాసిటరో పోతే ఊదుకొట్టి అతికించేవాళ్ళు. ఇప్పటి టీవీలో ప్యానెల్ పగిలితే మార్చడానికి అయ్యే ఖర్చుకు ఇంచుమించు కొత్తది వస్తుంది. టీవీ తయారీ ఖర్చులో సగం పైమాట ఆ ప్యానెలే. టీవీలు మన దేశంలోనే బిగిస్తున్నా, ప్యానెళ్ళు చాలావరకు చైనా, తైవాన్, కొరియాల నుంచి వస్తున్నాయి. 1963లో భాభా, రావుగార్లు కమిటీలో కూర్చుని దేనికోసం తలలు బద్దలుకొట్టుకున్నారో ఆ పనిలో ఈ ముక్క ఇంకా బాకీ వుంది. ఇక మెరుపులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన జిల్లాలో స్తంభాలకు స్తంభాలే నేలకొరిగాయి. వోల్టేజి ఎగుడుదిగుళ్ళను ఇప్పటి సెట్లు చాలావరకు తట్టుకుంటాయి గాని పిడుగు దెబ్బను తట్టుకోలేవు. సర్జ్ ప్రొటెక్టరు, అదనపు వారంటీ, శ్రీకాకుళంలోనే సర్వీసు కేంద్రం — ఈ మూడూ వున్నవాటినే చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంటే బిల్లులో నూటికి ఏడెనిమిది రూపాయలు తగ్గాలి. తగ్గిందో లేదో పాత ధర చూసి సరిపోల్చుకునే తీసుకున్నాం. 55 కాదు, 50 అంగుళాలది. నాన్న మోటారుకు మరి కాస్త మిగిలింది.

తిరిగి రావుగారి దగ్గరకు వస్తాను. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. ఈసీ టీవీ మధ్యతరగతి ఇళ్ళలో గౌరవంగా వెలిగిన రోజులవి. టీవీ పెట్టుకోవాలంటే లైసెన్సు కట్టాలి, ఇంటిమీద యాంటెనా తిప్పాలి, పక్కన స్టెబిలైజరు గుర్రుమంటూ వుండాలి. మా మామ్మ పుట్టింటి ఊళ్ళో ఒక మాస్టారింట్లో ఈసీ టీవీ వుండేదట. 1987లో రామాయణం మొదలైనప్పుడు ఆదివారం పొద్దున వాళ్ళ అరుగు మీద చెప్పులు కుప్పపడేవట. అప్పటికి రంగులొచ్చి అయిదేళ్ళయింది. 1982 ఆసియా క్రీడలతో వచ్చిన రంగు, దానివెనక ప్రైవేటు కంపెనీలు, 1991 తరవాత పైదేశపు కంపెనీలు. ఈ వరదలో ఈసీ టీవీ నిలబడలేకపోయింది. ప్రభుత్వ సంస్థకు ప్రకటనలు చేతకాలేదని కొందరంటారు, మారే రుచిని పట్టుకోలేదని కొందరంటారు. రెండింటిలోనూ నిజముంది. గట్టితనం ఒక్కటే చాలు అనుకున్న బండికి వేగం రాలేదు. దానివల్ల రావుగారి పని చిన్నదైపోదు గాని, ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాచడం నాకు నచ్చదు.

ఆయన 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. నేనప్పటికి పుట్టలేదు. ఫ్యాక్టరీ ఇవాళ టీవీలు చెయ్యడం లేదు. అణు కేంద్రాలకు, రక్షణ శాఖకు పరికరాలు చేస్తోంది. ఎన్నికల ఓటింగ్ యంత్రాలు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో అదొకటి, రెండోది బెంగుళూరు బెల్. 2024 మే 13న అరసవల్లి బడిలో ఎండలో గంటన్నర వరసలో నిలబడి నా మొదటి ఓటు వేశాను. నీలం బటన్ నొక్కాను, ఎర్ర లైటు వెలిగింది, కుయ్యిమని మోగింది. వెనక నిలబడ్డ పెద్దాయన ఇది ఎక్కడి మిషను బాబూ అని నన్నడిగితే, హైదరాబాదుదో బెంగుళూరుదో అయివుంటుంది తాతా అని చెప్పి బయటకు వచ్చాను.